బండి దీపం చరిత్ర: కార్బైడు నుంచి ఎల్‌ఈడీ దాకా

చరిత్ర వ్యాసం అంటే రాజులు, కోటలు, యుద్ధాలు ఉండాలని మా క్లాసులో అందరూ అనుకుంటారు. ఈసారి పత్రికకు ఒకరు కృష్ణగిరి కోట మీద, ఇంకొకరు రాజాజీ మీద రాస్తా ఉన్నారు. నేను బండి హెడ్‌లైట్ మీద రాస్తానంటే నవ్వినారు. మా సాంఘికం సార్ మాత్రం "దీపానికి చరిత్ర లేదని ఎవరు చెప్పినారు? రాసుకొని రా" అన్నారు.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానంటే, ఇప్పుడు మా వీధిలో ఏ ఇంట్లో చూసినా ఇదే మాట. "పాత బల్బు పీకేసి ఎల్‌ఈడీ వేయించుకుందాం, పగలు మాదిరి కనిపిస్తుంది" అని. హోసూరు స్పేర్ పార్ట్స్ అంగళ్లలో మూడు నాలుగు వందలకే దొరుకుతుంది. పది నిమిషాల పని. నేను తాతను, నాయనను, మా వీధి మెకానిక్ అన్నను, ఫిజిక్స్ సార్‌ను అడిగి, లైబ్రరీలో పుస్తకాలు చూసి తెలుసుకున్నది ఏమంటే, ఆ పది నిమిషాల పని వెనక నూరేండ్లకు పైబడిన కథ ఉంది. ఆ కథలో ఒకే తగాదా మళ్లీ మళ్లీ వస్తుంది. బండి నడిపేవాడికి దారి కనపడాలి, ఎదురుగా వచ్చేవాడి కండ్లు చెదరకూడదు. ఈ రెండూ ఒకే దీపం చేయాలి.

ముందు మా ఊరి సంగతి చెప్తాను. బయటివాళ్లు హోసూరును గులాబీల ఊరు అంటారు. నిజమే, కానీ ఇది బండ్ల ఊరు కూడా. 1970లలో ఇక్కడ సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ ఇక్కడే తయారై బయటికి వచ్చింది. 1984లో ఇండ్-సుజుకి 100 సీసీ బండి, ఆ తరువాత స్కూటీ, విక్టర్, అపాచీ అన్నీ ఈ ఊరి పేరు మోసినవే. ఇప్పుడు ఏథర్ కరెంటు స్కూటర్లు హోసూరులో, ఓలా స్కూటర్లు మన కృష్ణగిరి జిల్లాలోనే పోచంపల్లి దగ్గర తయారవుతా ఉన్నాయి. మా బడిలో చదివే పిల్లల్లో చాలా మంది అమ్మానాయనలు, అన్నలు ఏదో ఒక షిఫ్టులో ఏదో ఒక కంపెనీలో పని చేసేవాళ్లే. అందుకని బండి దీపం చరిత్ర మనకు పరాయి చరిత్ర అనిపించదు.

ఇక మొదటి నుంచి వస్తాను. ప్రపంచంలో మొదటి పెట్రోలు మోటారు బండి 1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్ చేసినది. అది కట్టె బండి. దానికి దీపమే లేదు. పగలు నడవడమే గొప్ప, రాత్రి సంగతి ఎవరు చూసినారు! అప్పటికే కరెంటు బల్బు ఉంది. ఎడిసన్ బల్బు 1879లో వెలిగింది. (మన హోసూరు పక్కన తొరపల్లిలో రాజాజీ పుట్టింది 1878లో. అంటే రాజాజీ ఎడిసన్ బల్బు కంటే ఒక ఏడాది పెద్ద. రాజాజీ మీద రాసే నా స్నేహితుడికి ఈ ముక్క ఉచితంగా ఇస్తున్నాను.) కానీ ఆ కాలం బల్బులో ఉండేది సన్నని బొగ్గు తీగ. బండి అదురుకు అది నిలిచేది కాదు. పైగా బండి మీద కరెంటు ఎక్కడి నుంచి తేవాలి?

అందుకని మొదట మోటారు సైకిళ్లకు వెలిగింది కార్బైడు దీపం. కింద డబ్బాలో కాల్షియం కార్బైడు రాళ్లు, పైన నీళ్లు. నీళ్లు చుక్క చుక్కగా రాళ్ల మీద పడితే ఎసిటిలీన్ గ్యాసు వస్తుంది. అగ్గిపుల్లతో అంటిస్తే తెల్లగా మండుతుంది, వెనక ఉన్న అద్దం ఆ వెలుగును ముందుకు తోస్తుంది. ఈ రాయిని కృష్ణగిరి మామిడి తోటల వాళ్లకు నేను కొత్తగా పరిచయం చేయనక్కర లేదు. కాయలు మాగబెట్టడానికి దీన్ని వాడకూడదని చట్టం ఉన్నా, ఆ పేరు మన జిల్లాలో అందరికీ తెలుసు. దారి చూపించిన రాయి చివరికి మామిడికాయల మధ్యకు చేరింది. గాలి గట్టిగా వీస్తే దీపం ఆరిపోయేది. నీళ్లు అయిపోతే కూడా ఆరిపోయేది. అయినా ఆ రోజుల్లో అదే గొప్ప వెలుగు.

1910లో అమెరికాలో విలియం కూలిడ్జ్ టంగ్‌స్టన్‌ను తీగలాగా సాగదీసే పద్ధతి కనుక్కున్నాడు. టంగ్‌స్టన్ కరగాలంటే 3,400 డిగ్రీలు దాటాలి. అందుకని 2,500 డిగ్రీలకు పైగా వేడెక్కినా తీగ నిలుస్తుంది, తెల్లగా వెలుగుతుంది. దానితోపాటు ఇంజను తిప్పే చిన్న డైనమో బండి మీదికి వచ్చింది. అప్పటి నుంచి కార్బైడు డబ్బా మెల్లగా పోయింది.

కరెంటు దీపం రాగానే తగాదా మొదలయింది. వెలుగు పెరిగే కొద్దీ ఎదురుగా వచ్చేవాడు గుడ్డివాడయ్యేవాడు. దానికి దొరికిన మందు నాకు చాలా నచ్చింది. 1920ల మధ్యలో జర్మనీలో ఓస్రామ్ కంపెనీ ఒకే బల్బులో రెండు తీగలు పెట్టి బిలక్స్ అని అమ్మింది. ఒక తీగ దూరానికి, ఒక తీగ దగ్గరికి. దగ్గరి తీగ కింద చిన్న గిన్నె మాదిరి రేకు ఉంటుంది. ఆ రేకు కిందికి పోయే వెలుగును ఆపేస్తుంది. అద్దం పైసగం మీద పడిన వెలుగు మాత్రమే తిరిగి రోడ్డు మీదికి దిగుతుంది. ఇదే మనం రోజూ బొటనవేలితో నొక్కే డిమ్, బ్రైట్. "డిమ్ కొట్టు రా" అని రోడ్డు మీద అరిచే ప్రతివాడూ తెలియకుండా ఈ నూరేండ్ల పాత రేకు గురించే అరుస్తా ఉన్నాడు.

మన దేశంలోకి వస్తే, 1955లో మద్రాసులో బుల్లెట్ బండ్లు బిగించడం మొదలయింది. 1961 నుంచి మైసూరులో జావా బండ్లు తయారైనాయి. బుల్లెట్‌కు హెడ్‌లైట్ పక్కన రెండు చిన్న దీపాలు ఉంటాయి, పులి కండ్ల మాదిరి. వాటిని టైగర్ ల్యాంపులు అంటారు. ఆ కాలం బండ్లలో కరెంటు 6 ఓల్టులే. తాత చెప్పడం ప్రకారం ఆ దీపాలను చూసి ఎదుటివాడు బండి వస్తుందని తెలుసుకునేవాడు, నడిపేవాడికి మాత్రం దారి సగం కంటితో, సగం అలవాటుతో.

మా తాత సొంతంగా కొన్న మొదటి బండి పాత టీవీఎస్ 50. దాని మీద టమాటా, వంకాయ బుట్టలు కట్టుకొని తెల్లవారుజామున సంతకు పోయేవాడు. ఆ బండి దీపానికి బ్యాటరీ లేదు. ఇంజనులోని మ్యాగ్నెట్ కాయిల్ నుంచి కరెంటు నేరుగా బల్బుకు పోతుంది. ఇంజను ఎంత జోరుగా తిరిగితే దీపం అంత వెలుగుతుంది. నేను దాని గురించి అడిగితే తాత చెప్పిన మాట అట్లే రాస్తున్నాను: "యాక్సిలేటర్ తిప్పితే వెలుగు, వదిలితే చీకటి. గుంత కనపడాలంటే జోరుగా పోవాల, జోరుగా పోతే గుంతలో పడాల. ఇంక ఏం చేసేది? నిలబడి ఇంజను అరిపించి, దారి చూసుకొని, మళ్లీ మెల్లగా పోయేవాణ్ణి."

ఇది వినేటప్పుడు నవ్వు వచ్చింది కానీ, ఇందులో ఒక విషయం ఉంది, అది ఎల్‌ఈడీ దగ్గర మళ్లీ పనికి వస్తుంది. ఆ కాయిల్ నుంచి వచ్చేది ఏసీ కరెంటు. అంటే సెకనుకు ఎన్నోసార్లు దిక్కు మార్చుకుంటుంది. బల్బులో తీగ ఒకసారి ఎర్రగా కాలితే అంత త్వరగా చల్లారదు కాబట్టి దీపం ఆడినట్టు మనకు కనిపించదు. తీగ లేని దీపానికి ఆ సౌకర్యం లేదు.

తాత ఇంకొకటి చెప్పినాడు. అప్పట్లో బండ్ల హెడ్‌లైట్ అద్దం మధ్యలో నల్ల రంగుతో చుక్క పెట్టేవాళ్లంట, కొందరు పైసగమే నలుపు పూసేవాళ్లంట. ఎదుటివాడి కండ్లకు కొట్టకూడదని. పెండ్లికూతురి బుగ్గ మీద చుక్క మాదిరి ప్రతి బండికీ ఒకటి. నేను చిన్నప్పుడు అది దిష్టిచుక్క అనుకున్నాను.

తరువాత 12 ఓల్టులు వచ్చినాయి, హాలోజన్ వచ్చింది. హాలోజన్ బల్బును 1959లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు చేసినారు. బల్బులో అయోడిన్ లాంటి వాయువు కొంచెం పెడితే, ఆవిరైన టంగ్‌స్టన్ గాజు మీద నల్లగా పేరుకోకుండా మళ్లీ తీగ మీదికే చేరుతుంది. అందుకని తీగను ఇంకా వేడి చేయొచ్చు, ఇంకా వెలుగు తీయొచ్చు. రెండు తీగల హాలోజన్ హెచ్‌4 బల్బు 1971లో యూరోప్‌లో వచ్చింది. మన మామూలు బండ్లకు ఉండే 35 వాట్ల హెచ్‌ఎస్‌1 దాని తమ్ముడు.

ఇక్కడ మా పదో తరగతి కాంతి పాఠం కొంచెం చెప్పాలి. హెడ్‌లైట్ డూమ్ లోపల మెరిసే గిన్నె పుటాకార దర్పణం. దాని నాభి దగ్గర దీపం పెడితే వెలుగు నేరుగా కట్ట కట్టినట్టు పోతుంది. నాభికి కొంచెం పక్కన పెడితే వెలుగు చెదిరిపోతుంది. "కొంచెం" అంటే ఎంత అని మెకానిక్ అన్నను అడిగినాను. ఆయన పాత డూమ్ ఒకటి చేతికిచ్చి, బల్బును ఒక మిల్లీమీటరు ముందుకు, వెనక్కు జరిపి చూపించినాడు. గోడ మీద వెలుగు మడుగు మాదిరి కదిలిపోయింది. కంపెనీవాళ్లు డూమ్ చేసేటప్పుడు లోపల తీగ ఎక్కడుంటుందో, ఎంత పొడవుంటుందో లెక్క కట్టి గిన్నె వంపు గీస్తారు. బల్బు, గిన్నె జతగా పుట్టినవి. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఇదే. మిగతాదంతా దీని చుట్టూ తిరుగుతుంది.

ఇప్పుడు ఎల్‌ఈడీ. మా పుస్తకంలో దీన్ని కాంతి ఉద్గార డయోడ్ అంటారు. మెకానిక్ షెడ్‌లో ఆ మాట అంటే ఎవరూ తిరిగి చూడరు. ఇందులో కాలే తీగ లేదు, అర్ధవాహకం ముక్క ఉంటుంది. 1907లో ఇంగ్లండ్‌కు చెందిన హెన్రీ రౌండ్ ఒక స్ఫటికంలో కరెంటు పోనిస్తే మెరవడం చూసినాడు. 1920లలో రష్యాలో ఒలెగ్ లోసెవ్ దాన్ని వివరంగా పరిశీలించినాడు. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్ర ఎల్‌ఈడీ చేసినాడు. రేడియో మీద, క్యాలిక్యులేటర్ మీద ఎర్ర చుక్కలు అవే. ఎరుపు, ఆకుపచ్చ దొరికినా బాగా వెలిగే నీలం దొరకడానికి ముప్పై ఏండ్లు పట్టింది. నీలం లేకుండా తెలుపు రాదు. జపాన్‌లో ఇసాము అకాసాకి, హిరోషి అమానో ఒక వైపు, నిచియా అనే చిన్న కంపెనీలో షుజి నకమురా ఇంకొక వైపు పట్టు వదలకుండా పని చేసినారు. 1993లో నిచియా నీలం ఎల్‌ఈడీని ప్రకటించింది. దాని మీద పసుపు రంగు ఫాస్ఫర్ పూస్తే తెల్ల వెలుగు వస్తుంది. ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నకమురాకు కంపెనీ మొదట ఇచ్చిన బహుమానం 20 వేల యెన్లంట. ఆయన కోర్టుకు పోయినాక 2005లో 84 కోట్ల యెన్ల దగ్గర రాజీ కుదిరింది. దీపం ఖరీదు ఎవరికి ఎంత తెలిసిందో చూడండి.

బండ్ల మీదికి ఎల్‌ఈడీ వెనక నుంచి ఎక్కింది. బ్రేక్ లైటుకు ఎరుపు చాలు, దారి చూపించే పని లేదు. పైగా తీగ బల్బు పూర్తిగా వెలగడానికి దాదాపు సెకనులో ఐదో వంతు పడుతుంది, ఎల్‌ఈడీ వెంటనే వెలుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల జోరులో సెకనులో ఐదో వంతు అంటే మూడు మీటర్ల పైమాట. నేనే లెక్క కట్టి చూసినాను. వెనక వచ్చే లారీకి మూడు మీటర్లు ముందుగా తెలిస్తే అది చిన్న విషయం కాదు.

మన దేశంలో ఎల్‌ఈడీ అనే మాట ఇంటింటికీ చేరింది 2015 ప్రాంతంలో. ఆ ఏడాది జనవరి 5న ఉజాలా పథకం మొదలయింది. 2014లో ప్రభుత్వ సంస్థ 310 రూపాయల లెక్కన కొన్న బల్బు, 2016 కల్లా 40 రూపాయల లోపుకు దిగింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని పాడు చేసినాక, ఆ నగరం వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీకి మార్చుకుంది. ఇంట్లో మారింది, వీధిలో మారింది, ఇంక బండికి ఎందుకు మార్చకూడదు అని జనం అనుకోవడంలో తప్పు లేదు.

2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త రెండు చక్రాల బండ్లకు ఇంజను ఆన్ చేస్తే హెడ్‌లైట్ తనంతట తనే వెలగాలని నియమం వచ్చింది. ఆర్పడానికి స్విచ్చే ఉండదు. పగలు కూడా ఎదుటివాడికి బండి కనపడాలని. మొదటి ఒకటి రెండేండ్లు ఎదురుగా వచ్చేవాళ్లంతా చెయ్యి ఎత్తి పిడికిలి మూసి తెరిచి "లైటు వెలుగుతా ఉంది" అని సైగ చేసేవాళ్లు. అప్పుడు నేను చాలా చిన్నవాణ్ణి. నాయన బండి ముందు కూర్చొని, వాళ్లంతా నాకే టాటా చెప్తా ఉన్నారనుకొని తిరిగి టాటా చెప్పేవాణ్ణంట. అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. దీపం ఎప్పుడూ వెలుగుతా ఉంటే కరెంటు తక్కువ తాగే దీపం మేలు కదా. కంపెనీలు ఎల్‌ఈడీ వైపు జరగడానికి ఇది కూడా ఒక కారణం.

ఇంతవరకు చరిత్ర. ఇప్పుడు మా ఇంట్లో జరిగింది.

మా చిన్నాయన శూలగిరి వైపు నుంచి రాత్రి షిఫ్టుకు హోసూరు వస్తాడు. సానమావు అడవి దగ్గర ఏనుగులు రోడ్డు దాటే చోటు ఉంది, అక్కడ అందరూ కండ్లు పెద్దవి చేసుకొని నడుపుతారు. పోయిన చలికాలంలో ఆ అడవి దాటినాక, ఊర్లోకి తిరిగే చిన్న రోడ్డులో ఎదురుగా ఒక బండి వచ్చింది. దాని తెల్ల లైటు నేరుగా కండ్లలో కొట్టింది. చిన్నాయన డిమ్ కొట్టి సైగ చేసినాడంట, అవతల ఏం మారలేదంట. రెండు మూడు సెకన్లు ఏమీ కనపడలేదు. తారు దిగి కాలువలో పడినాడు. భుజం ఎముక విరిగింది. నెలన్నర పనికి పోలేదు. ఎదురుగా వచ్చినవాడు ఆగినాడు, లేపినాడు, ఆస్పత్రికి కూడా తీసుకొని వచ్చినాడు. అతను చెప్పినది ఒకటే మాట: "నేను డిమ్‌లోనే వచ్చినానన్నా." అబద్ధం చెప్పలేదని చిన్నాయనే అంటాడు. డిమ్‌లోనే ఉన్నా కండ్లలో కొట్టింది. అది ఎట్లా అనేదే నాకు పట్టుకున్న ప్రశ్న.

అదే సమయానికి మా నాయన కూడా తన బండికి ఎల్‌ఈడీ వేయించి ఉన్నాడు. ఆయన బాగలూరు వైపు నుంచి చామంతి మూటలు వేసుకొని తెల్లవారక ముందే పూల మార్కెట్‌కు పోతాడు. చీకట్లో గుంతలు కనపడక రెండుసార్లు జారినాడు కాబట్టి ఆయన వేయించుకున్న కారణం కూడా న్యాయమైనదే. ఈ మాట నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే ఎల్‌ఈడీ వేసుకున్న వాళ్లను అందరూ పోకిరీలు అంటారు. చాలా మంది నాయన మాదిరి పొట్టకూటికి చీకట్లో తిరిగేవాళ్లే.

1989 కేంద్ర మోటారు వాహన నియమాలలో ఒక కొలత ఉంది. హెడ్‌లైట్ వెలుగు కిందికి వంగి ఉండాలి, 8 మీటర్ల దూరంలో అదే మట్టం మీద నిలబడినవాడి కండ్లు నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే, ఆ కండ్లు చెదరకూడదు అని దాని సారాంశం. ఇది చదివి నాకు చాలా సంతోషం వేసింది, ఎందుకంటే దీన్ని మనమే కొలవచ్చు. పీటీ సార్ దగ్గర టేపు తీసుకొని, బడిలో సైకిల్ స్టాండు పక్క గోడ మీద 1.5 మీటర్ల ఎత్తులో సుద్దతో గీత గీసినాము. గోడ నుంచి 8 మీటర్లలో నేల మీద ఇంకొక గీత. పొద్దు మునిగినాక మూడు బండ్లు ఒకదాని తరువాత ఒకటి అక్కడ పెట్టి, మనిషి కూర్చోబెట్టి, డిమ్ వేసి చూసినాము.

మెకానిక్ అన్న పాత హాలోజన్ బండి వెలుగు పచ్చగా, గీతకు చాలా కిందనే ఆగింది. ఫిజిక్స్ సార్ కొత్త స్కూటర్‌కు కంపెనీ నుంచే ఎల్‌ఈడీ. దాని వెలుగు తెల్లగా ఉన్నా కత్తితో కోసినట్టు గీత కిందనే నిలిచింది, పైన చీకటి. మూడోది మా నాయన బండి. వెలుగు గోడ మీద అంతటా పాకింది. గీత దాటి, గోడ పైన ఉన్న వేపచెట్టు కొమ్మ దాకా పోయింది. నేను గోడ దగ్గర నిలబడి బండి వైపు చూస్తే బండి మీద నాయన కూర్చున్నాడో లేదో కూడా కనపడలేదు. నాయన దిగి వచ్చి నా పక్కన నిలబడి తన దీపాన్ని తానే చూసినాడు. కొంచెం సేపు ఏమీ మాట్లాడలేదు.

కారణం పైన చెప్పిందే. ఆ గిన్నె సన్నని తీగ కోసం చేసినది. ఎల్‌ఈడీ బల్బులో తీగ ఉన్న చోట రేకుకు రెండు వైపులా చిప్పులు అంటించి ఉంటాయి. అవి తీగ కంటే వెడల్పు, నాభి దగ్గర సరిగ్గా కూర్చోవు. డిమ్ కోసం ఉన్న చిన్న గిన్నెను కొన్నిట్లో సరిగ్గా పెట్టరు. మెకానిక్ అన్న బల్బును తిప్పి చిప్పులు ఎడమకు, కుడికి చూసేటట్టు పెడితే కొంచెం మెరుగయింది. డూమ్ స్క్రూ తిప్పి కిందికి వంచితే ఎదుటివాడికి బాగయింది, కానీ వెలుగంతా ముందు చక్రం దగ్గరే పడింది. "వాట్లు పెరిగినాయి తమ్ముడూ, దారి పెరగలేదు" అన్నాడు అన్న.

హోసూరు ఫ్యాక్టరీలే దీనికి సాక్ష్యం. 2017 డిసెంబరులో ఇక్కడ తయారై వచ్చిన అపాచీ ఆర్‌ఆర్ 310కు రెండు ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ దీపాలు ఉన్నాయి, వాటి ముందు వాటి కోసమే చేసిన లెన్సులు. ఇక్కడే తయారైన బీఎండబ్ల్యూ జీ 310 ఆర్‌కు మొదట హాలోజన్ ఉండేది. 2020లో ఎల్‌ఈడీకి మారినప్పుడు మొత్తం హెడ్‌లైట్‌ను కొత్తగా చేసినారు. బల్బు ఒక్కటి మారిస్తే చాలు అనుకుంటే అంత ఖర్చు ఎందుకు పెడతారు? జర్మనీలో కూడా పాత డూమ్‌లో వేసే ఎల్‌ఈడీ బల్బుకు 2020లో అనుమతి వచ్చింది, కానీ అది ఏ వాహనం ఏ డూమ్‌కు సరిపోతుందో పరీక్షించి, ఆ జాబితాలో ఉన్నవాటికి మాత్రమే. మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలు మారేటట్టు బండిని మార్చకూడదంటుంది. రాత్రి రోడ్డు మీద ఎవరు కొలుస్తారు అనేది వేరే సంగతి. సొంత బండికి రిజిస్ట్రేషన్ అయినాక 15 ఏండ్ల దాకా ఫిట్‌నెస్ పరీక్ష లేదు.

ఇంకొన్ని చిక్కులు చిన్నవి, త్వరగా చెప్పేస్తాను. తాత బండి మాదిరి ఏసీ కరెంటు పోయే పాత మోపెడ్‌లకు ఎల్‌ఈడీ వేస్తే దీపం టపటపా కొట్టుకుంటుంది, జోరు పెరిగితే ఓల్టులు ఎక్కువై కాలిపోతుంది. దానికి ముందు కరెంటును డీసీ చేయాలి. ఇండికేటర్లకు ఎల్‌ఈడీ వేస్తే అవి పిచ్చి పట్టినట్టు వేగంగా కొట్టుకుంటాయి. పాత ఫ్లాషర్ 10 వాట్ల బల్బులు లాగే కరెంటును బట్టి పని చేస్తుంది. కరెంటు తగ్గితే బల్బు కాలిపోయింది అనుకుంటుంది. కొందరు రెసిస్టర్ పెట్టి దాన్ని మోసం చేస్తారు. అప్పుడు మిగిలిన కరెంటంతా రెసిస్టర్ వేడిలో పోతుంది, ఇంక మిగిల్చింది ఏమిటి? ఎల్‌ఈడీకి సరిపోయే ఫ్లాషర్ కొనడమే దారి.

నాయన ఏం చేసినాడంటే, మరుసటి రోజే ముందు బల్బు తీయించినాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. డూమ్ లోపల వెండిపూత పొరలు పొరలుగా లేచిపోయి ఉంది, బయటి అద్దం మసకబారి పసుపు రంగుకు తిరిగింది. పాత బల్బు వెలుగులో సగం అక్కడే చచ్చిపోతా ఉండింది. హోల్డరు దగ్గర వైరు కూడా చిలుము పట్టి ఉంది. కొత్త డూమ్, కొత్త హాలోజన్ బల్బు, కొత్త హోల్డరు వేసినారు. ఎల్‌ఈడీ కంటే ఎక్కువే ఖర్చయింది, అమ్మ కొంచెం గొణిగింది. వెలుగు పగలు మాదిరి లేదు కానీ, గుంత గుంతలా కనిపిస్తుంది అంటాడు నాయన. వెనక బ్రేక్ లైటుకు వేయించిన ఎల్‌ఈడీని మాత్రం తీయలేదు. దాని సంగతి చట్టం ఏమంటుందని ఆర్టీఓ ఆఫీసులో అడిగి వస్తానన్నాడు, ఇంకా పోలేదు.

చిన్నాయన మళ్లీ రాత్రి షిఫ్టుకు పోతా ఉన్నాడు. ఆయన్ను పడగొట్టిన బండి అన్న కూడా మా వీధికి వచ్చి పోతా ఉంటాడు. పోయిన నెల ఆయనే తన బండి తెచ్చి మా గోడ ముందు పెట్టినాడు.

సైకిల్ స్టాండు పక్కన ఆ సుద్ద గీతను వానకు పోకుండా ఇప్పుడు తెల్ల పెయింటుతో గీసినాము, నేల మీద 8 మీటర్ల గీత కూడా. హెడ్‌మాస్టర్ గారు ఒప్పుకున్నారు. తల్లిదండ్రుల సమావేశానికి సాయంత్రం బండి మీద వచ్చేవాళ్లు, పోయే ముందు ఐదు నిమిషాలు ఆగి చూసుకోవచ్చు. బండి మీద ఒక మనిషి కూర్చోవాలి, డిమ్ వేయాలి, ఇంకొకరు గోడ దగ్గర నిలబడాలి. ఎవరూ లేకపోతే నేను నిలబడతాను.